బొర్రోలు

కొత్త బోర్డు మీద ఏ పేరు రాయాలన్న దగ్గర వైకుంఠరావుకీ మనవరాలు అశ్వినికీ పేచీ వచ్చింది. నందిగాం దగ్గర రోడ్డు పక్కన వాళ్ళకు రోళ్ళు చెక్కే పాక ఉంది. ముసలాయన చెక్కుతాడు, పిల్ల అమ్మకం చూస్తుంది.

“బొర్రోలి రోళ్ళు అని రాయించే” అన్నాడాయన.

“సాల్లే తాతా! కాలేజీలో ఆ మాటతోనే నన్ను ఏడిపించీవోరు. కొండబొర్రలో బతికిన అడివి మనుసులంట. పలాస నుంచి కార్లో దిగినోలు సూసి నవ్వుతారు.”

“నవ్వినోలు పప్పు రుబ్బుకోరేటి?”

అశ్విని వినలేదు. ఆయన ఉలి కింద పెట్టేశాడు. ఆ మాట వెనక కథ తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఈ పిల్ల కూడా వద్దనుకుంటే, తన తరవాత అది ఎవరి నోటా మిగలదు.

“కొండెక్కుదాం, పద. దిగాక నీ ఇష్టం.”

మోకాళ్ళు మొరాయిస్తుంటే జీడికొమ్మలు పట్టుకుని ఎక్కాడు. సగం దారిలో వాన అందుకుంది. తడుస్తూ వెళ్ళి బొర్రలో దూరారు. పెద్ద రాతి కింద ఇల్లంత గుహ. కప్పుకి పొగమసి ఇంకా అంటుకునే ఉంది. అది చూపిస్తూ ఆయన కథ చెప్పుకొచ్చాడు.

వైకుంఠరావు తండ్రి ఈ కొండ మీద రాయి కొట్టే రోజుల్లో, కింద గుడిసెకు చోటు దొరక్క పెళ్ళాంపిల్లల్ని ఇక్కడే పెట్టాడు. బొర్రలో ఉండేవాళ్ళు కనక ఊరు బొర్రోలు అంది. వెక్కిరించడానికే అంది. వాన పడితే నీళ్ళు రాయి వెంట జారి పొయ్యిలోకి వచ్చేవి. తండ్రి లోపలి కప్పుకి గాడి తీశాడు. నీళ్ళు ఆగలేదు. “సట్టికి అంచున్నట్టు బొర్ర మూతికి తియ్యి” అంది వైకుంఠరావు తల్లి. ఆమె పేరు పెద్దతల్లి. మూతి పొడవునా తీశాడు. నీళ్ళు అక్కడే తెగి బయట పడ్డాయి.

ఆ తరవాత వచ్చిన గాలివానకి ఊళ్ళో పాకలన్నీ లేచిపోయాయి. జనం కొండెక్కారు. వెక్కిరించినవాళ్ళే ముందొచ్చారు. పెద్దతల్లి ఎవరినీ మీరు ఏ ఇంటివాళ్ళని అడగకుండా గంజి పోసింది. అప్పట్నుంచి ఎవరింట పెళ్ళి కుదిరినా పసుపు దంచే రోలు బొర్రోలి దగ్గరే తెచ్చుకునేవారు. ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించి, మర్యాదగా అనేవారు.

బయట నీళ్ళు గాడి దగ్గర తెగి తెరలా పడుతున్నాయి. అశ్విని కాళ్ళ దగ్గర నేల పొడిగా ఉంది. వేలితో గాడి తడిమి చూసింది.

“ముందు తీసిన తప్పు గాడేదీ?”

ఆయన చూపించాడు. పిల్ల నవ్వింది.

“ముత్తాత కూడా తప్పు సేసినాడన్నమాట!”

“సేసినాడు. దాసుకోనేదు.”

అశ్విని చెయ్యి చాపి గాడి దగ్గర తెగి పడే నీళ్ళు పట్టింది.

“బోర్డు మీద ఒట్టి పేరు రాసి ఒగ్గేత్తే ఎవులికి తెలుత్తాది తాతా? కింద ఇంకో ముక్క ఉండాల. గాలివానకి ఊరిని కాపాడినోలు అని.”

ముసలాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని తల అడ్డంగా ఊపాడు.

“అంత గొప్పలొద్దే. గంజి పోసినోలు అని రాయించు, సాలు.”