పడవ అడుక్కి బస్సు రంగు

కుత్బుల్లాపూర్‌లో మా బిడ్డ ఇంటికి కిందటి నెల రంగులు వేయించారు. పెయింటరు రంగుల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టి, "అవ్వా, నీ అర్రకు ఏ రంగు ఎయ్యాలె?" అని అడిగాడు. పేజీలు తిప్పితే ఒక్క పసుపే ఇరవై తీర్లుంది. బియ్యం కడిగిన నీళ్ల లాంటి పసుపు దగ్గర మొదలై, పోను పోను ముదిరి, ఒక గడి దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. "అది కండ్లకు మస్తు కొడ్తది అవ్వా, అర్రల పండలేవు" అన్నాడు. అవునులే అన్నాను. నా బతుకులో రంగు ఎంచుకొమ్మని నన్ను అడిగింది అంతకు ముందు ఒక్కసారే. అది గోడకు కాదు, పడవ అడుక్కి.

అప్పట్లో మా ఇల్లు శామీర్‌పేట చెరువు ఒడ్డున. మా ఇంటాయనకు, పెండ్లి కాని మా మరిదికి కలిపి ఒకటే చెక్క పడవ. పడవంటే పెద్దదనుకునేరు; ఒక మనిషి, ఒక వల, ఒక బుట్ట, అంతే దాని సంసారం. చెరువు నిండితే నీళ్ల మీద ఉండేది, ఎండాకాలమంతా మా వాకిట్లో నాలుగు రాళ్ల మీద బోర్లా ఉండేది. అడుగంతా డాంబరు. ఆ చెరువులో ఏ పడవకైనా అదే. డబ్బాలో డాంబరు మరిగించిన రోజు ఆ వాసన అన్నంలోకి కూడా వచ్చేది. ఎండకు మెత్తబడి నా చీరలన్నిటికీ ఏదో ఒక మూల అంటేది. ఒకసారి కోడి దాని మీదికెక్కి అతుక్కుపోయింది. మా మరిది కిరసనాయిలుతో దాని కాళ్లు కడుగుతూ, "వదినె, ఇగ వలెందుకు? చెరువుల డాంబరు పోద్దాం, చేపలే అతుక్కుంటయ్" అన్నాడు. ఇంట్లో మాటలన్నీ మరిదివే. మా ఇంటాయన అన్నం కావాలంటే కంచం ముందర కూర్చునేవాడు, చాలంటే లేచేవాడు. నోటితో పని ఉండేది కాదు.

తొంభైలలో ఒక వానాకాలం పొద్దున మరిది ఒక్కడే వల తీయడానికి పోయాడు. గాలి లేచింది. నేను ఒడ్డున బండ మీద గిన్నెలు తోముతున్నాను. దూరంగా, పెద్ద రాతి గుండ్ల మధ్యన, నీళ్లలో నల్లటి వీపు ఒకటి కనిపించింది. ఎవరిదో బర్రె పొద్దున్నే నీళ్లలో పడిందనుకున్నాను. మా చెరువులో బర్రెలకేం కొదువ? బిందె తోమి మళ్లీ చూశాను. అక్కడే ఉంది. దీనికి ఇంటి యావ లేదు అనుకుని, వచ్చి పొయ్యి ముట్టించుకున్నాను. అది బోర్లా పడిన మా పడవ అని మధ్యాహ్నానికి తెలిసింది. మరిది మునిగిపోయింది ఈత రాక కాదు, వల కాళ్లకు చుట్టుకుంది. తెచ్చి ఒడ్డున పడుకోబెట్టినప్పుడు నేను మరిది చేతులు చూశాను. పది గోళ్లలోనూ డాంబరు. అంటే, పడవ అడుగును చాలాసేపు పట్టుకునే ఉన్నాడు, నాకు కనపడని అటు పక్కన.

నేను చూశానని ఎవరికీ చెప్పలేదు. మా బిడ్డకు అప్పటికే పెండ్లయింది, ఇంట్లో ఇద్దరం మిగిలాం. మా ఇంటాయన పడవను ముట్టకుండా రావల్కోల్ దిక్కు తోటల్లో కూలికి పోయేవాడు. పొద్దంతా నేను ఆ నల్లటి వీపుకు ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేదాన్ని. ఆయన వచ్చినా ఇంట్లో మనిషి అలికిడే తప్ప మాట ఉండేది కాదు. ఒక్కోరోజు నా గొంతు నాకు వినపడాలని కోళ్లను ఊరికే తిట్టేదాన్ని.

రెండు వానాకాలాలు అట్లా పోయాక, ఆయన పడవకు రెండు చెక్కలు మార్పించి, "రేపు డాంబర్ తెస్త. మల్ల చెరువుకు పోత" అన్నాడు. నీళ్ల మీదికి పోయే మనిషి ముందర 'పడవ బోర్లా పడితే' అన్న మాట మా ఇండ్లల్లో నోటికి రానియ్యరు. అందుకని అసలు మాట మింగి, దొరికిన సాకల్లా చెప్పాను.

"డాంబర్ వద్దు, రంగేద్దాం."

"అడుక్కా? ఎవలు సూస్తరే?"

"నేను సూస్తలేనా? ఎండకాలమంత నా ముంగటనే బోర్లుంటది. చీరలన్ని కరాబైతున్నయ్."

"చీరలు దూరం ఆరెయ్యి."

"కోళ్లు అతుక్కపోతున్నయ్."

"ఎన్ని కోళ్లే? ఒక్కటే గద!"

రెండేండ్లలో మేం అన్ని మాటలు మాట్లాడుకున్నది అప్పుడే. ఆయన నా ముఖం కొంచెంసేపు చూసి, "సరే, నడువు. నువ్వే సెప్పు ఏ రంగో" అన్నాడు.

మేడ్చల్‌లో రంగుల దుకాణాయన విని పడీ పడీ నవ్వాడు. "పడవ అడుక్కి పెయింటా అక్కా? చేపలకు పెండ్లిచూపులా ఏంది?" మా ఇంటాయన నీలం మీద వేలు పెట్టాడు. అది నీళ్లలో కలిసిపోతుంది, వద్దన్నాను. తెలుపుకు నెలలోనే నాచు పడుతుందని దుకాణాయన అన్నాడు. ఎరుపు చూస్తే మట్టిగడ్డలా ఉంది. ఏం చెప్పాలో తోచక రోడ్డు మీదికి చూశాను. కండ్లకోయ దిక్కు పోయే కాలేజీ బస్సు ఒకటి, లారీల మధ్యన, ఎంత దూరం పోయినా కంటికి అందుతూనే ఉంది. "గా బస్సు రంగు" అన్నాను. "టికెట్లు గూడ కొడ్తవా అక్కా?" అంటూనే డబ్బా దించి, మా ఇంటాయనతో మాత్రం నవ్వకుండా చెప్పాడు: "అన్నా, డాంబర్ మీద ఏ రంగేసినా కిందికెల్లి నలుపు ఊరుతది. చెక్క అవుపడేదాక గీకాలె." నాకు అక్కడే ఆశ పోయింది. ఏండ్ల డాంబరు అది, వేలు మందాన ఉంది. ఆయన డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

విరిగిన కొడవలి ముక్కతో పన్నెండు రోజులు గీకాడు. దారిన పోయేవాళ్లు, "ఏం కాకా, పడవకు క్షవరం జేస్తున్నవా?" అని ఎగతాళి చేశారు. అరచేతులు బొబ్బలెక్కాయి. నేను నూనె రాస్తుంటే చేతులిచ్చి ఎటో చూస్తూ కూర్చునేవాడు.

రంగు ఆరాక ఒక సాయంత్రం "రాయే" అని నన్ను చెరువుకు తీసుకుపోయాడు. "గా బండ కాడ నిలవడు" అన్నాడు. నేను గిన్నెలు తోమే బండ. ఆయన ఒడ్డు వెంబడి పడవను తోసుకుంటూ ఆ గుండ్ల దాకా పోయి, ఎండలకు నడుము లోతుకు తగ్గిన నీళ్లలో దిగి, తన చేతులతో తానే దాన్ని బోర్లించాడు. తర్వాత అటు పక్కకు పోయాడు. మనిషి కనపడలేదు, గొంతు మాత్రం వచ్చింది.

"అవుపడ్తాందా?"

చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకుని చూశాను.

"నిలవడి కాదే. వంగి, గిన్నెలు తోముకుంట సూడు. అవుపడ్తాందా?"

వంగాను. ఉత్త చేతులతో బండను రుద్దుతూ తలెత్తి చూశాను. గుండ్ల మధ్యన పసుపు భగ్గుమంటోంది. "అవుపడ్తాందయ్యా" అని అరిచాను. "పడవే. బర్రె గాదు."

పడవ వెనక నుంచి మెల్లగా అన్నాడు: "నాకెరుకే. నువ్వు సూసినవని అప్పుడే ఎరుకే."

ఆ పడవ మళ్లీ ఎన్నడూ బోర్లా పడలేదు. తొమ్మిదేండ్లు దాంట్లో పోయి వచ్చాడు, వచ్చి చెరువు ముచ్చట్లు నాలుగు చెప్పేవాడు. రెండు వేలు దాటాక జ్వరం వచ్చి మంచం మీదనే పోయాడు. పెండ్లి నాటి నుంచి చూస్తే మా కాపురం ముప్పై ఏండ్ల పైమాటే. నేను మాత్రం ఆ సాయంత్రం నుంచే లెక్క చూసుకుంటాను. అట్లా చూస్తే తొమ్మిదేండ్లే, ఇట్టే అయిపోయాయి.