పెద్దమ్మ కొంగున బావి తాళం

పోయిన నెల మా పెద్దమ్మ పోయింది. మద్రాసు శివార్లలో, పట్టాభిరామ్‌లో మా మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే పెద్దమ్మ కొడుకు, మా అన్న ఫోన్ చేశాడు. "మ్మే, అమ్మ పొయ్యింది. పొద్దున్నే బావికాడ పని చూసుకోని వచ్చి, గోడకానుకోని కూచున్నింది. కాఫీ ఇయ్యబోతే లేయలే" అన్నాడు. ఏడుపు కన్నా ముందు నాకు ఆ బావి గుర్తొచ్చింది. ఇక దాని గతేమిటి అనిపించింది.

ఆమె మా అమ్మకు అక్క. పూండి రిజర్వాయరుకు దగ్గర్లో, తిరువళ్లూరు నుంచి టౌను బస్సు పోయే పల్లెలో కాపురం. పూండి నీళ్లు మద్రాసుకు పోతాయి. ఆ పక్కనే ఉన్న పెద్దమ్మ ఇంటికి నీళ్లు ప్లాస్టిక్ క్యాన్లలో వ్యానెక్కి వస్తాయి. ఇందులో వింత ఉందని ఇప్పుడెవరూ అనుకోరు. ఆమె మాత్రం చివరిదాకా అనుకుంది.

పెరట్లో బావి ఆమె కాపురానికి వచ్చేనాటికే ఉంది. చుట్టూ ఉన్న పొలాలు ఒక్కొక్కటిగా అమ్ముడై షెడ్లయ్యాయి, షెడ్లు కంపెనీలయ్యాయి. రానురాను బావి నీళ్లు ఉప్పదేరాయి. అన్న పరీక్ష చేయించి, తాగడానికి పనికిరావన్నాడు. ఆమె కాదనలేదు. నోటికి తెలియదా ఏమిటి! అందరితోపాటు క్యాన్ నీళ్లే తాగింది, మొహం చిట్లించుకుని. "దప్పి తీరతాదిలే మే. కానీ ఈ నీళ్లకు ఊరు లేదు" అనేది.

ఒకసారి నేనుండగానే వ్యానాయన్ని నిలబెట్టి ఈ నీళ్లు ఎక్కడివని అడిగింది. "కంపెనీ తణ్ణి, పాట్టి" అన్నాడాయన అరవంలో, కంపెనీ నీళ్లు అవ్వా అని. ఆ కంపెనీకి ఎక్కడి నుంచి వస్తాయని మళ్లీ అడిగింది. "తెరియలియే" అని నవ్వేసి బండెక్కాడు. ఆయనకు తెలియకపోతే పోనీ, ఆ నీళ్లు తాగే ఏ ఇంటికీ తెలియదు. ఎక్కడో ఏ పల్లె అడుగునో బోరు వేసి లాగినవే అయ్యుంటాయి. మూత తిప్పడం వస్తే చాలని బతుకుతున్నాం, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తాగడానికి పనికిరాని ఆ బావిని ఆమె రోజూ చేదేది. తెల్లారితే గిలక కిర్రుమనాల్సిందే. ఎందుకమ్మా ఈ వయసులో రెక్కలు ముక్కలు చేసుకోవడం అంటే, "చేదకుండా పెడితే బావి మన్ని మర్సిపోతాది మే" అని చేంతాడు గట్టు మీద చుట్టి పెట్టేది. చేదిన నీళ్లు కోళ్ల తొట్టికి కొంచెం, మిగతావి కొబ్బరిచెట్టు పాదుకు. పాలు తాగే దూడను చూసినట్టు ఆ పాదు వైపు చూస్తూ నిలబడేది.

ఒక ఏడు ఆడికృత్తిక పండక్కి ఆమెతో తిరుత్తణి కొండకు వెళ్లాను. అందరి చేతుల్లో నీళ్ల సీసాలు, ఆమె చేతిలో మూత ఉన్న ఇత్తడి చెంబు. కొండ దారి పొడుగునా సగం తాగి పారేసిన సీసాలు దొర్లుతున్నాయి. పెద్దమ్మ నడుం వంచి ఒకటి తీసి, మూత విప్పి, పక్కనున్న చెట్టు మొదట్లో పోసింది. తర్వాత ఇంకొకటి. వెనక జనం తోసుకుంటున్నారు. "రా పెద్దమ్మా, దర్శనం ఆలస్యమైతాది" అన్నాను. ఆమె కదల్లేదు. "నీళ్లకు మూత బిగించి పారేస్తారా మే ఎవురన్నా? అవి మన్నులోకి ఎట్ట పోతాయి?" అంది. కోపంగా కూడా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది. ఆ రోజు స్వామిని చూసినప్పటికన్నా ఆమెను చూసినప్పుడే నాకు చేతులు జోడించబుద్ధయింది.

మనవలు పడతారేమోనని అన్న బావికి ఇనుప జాలీ వేయించి తాళం పెట్టాడు. ఆ తాళంచెవి పెద్దమ్మ కొంగున చేరింది. తర్వాత కారు షెడ్డు కట్టాలని, బావి పూడుస్తానని మొదలుపెట్టాడు. తల్లీకొడుకుల మధ్య పెద్ద గొడవే అయింది. ఆఖరికి ఆమె, "పూడ్చేది నేను పొయినంక పూడ్చుకోరా. నాకు కడా నీళ్లు మాత్రం దీంట్లోవే పొయ్యాల. ఊరు లేని నీళ్లు పోసి నన్ను పంపీయొద్దు" అంది. అన్న సరేనన్నాడు.

నేను వెళ్లేసరికి వాకిట్లో బంధువులు నిండిపోయారు. మా వాళ్లలో శవానికి పోసే నీళ్లు అయినవాళ్లే మేళంతో వెళ్లి, బిందెలతో చేది తెస్తారు. నీర్మాల అంటాం. ఆ రోజు బిందెలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేర్చారు. వాటిలోకి వదిన క్యాన్లు వంపుతోంది. అరుగు చివర ఖాళీ క్యాన్లు పడి ఉన్నాయి.

"ఏంది వదినా ఇది?" అన్నాను.

"ఆ ఉప్పు నీళ్లు మా అత్తకు పోసేదానికి నాకు మనసు రాలేదు మే. ఇవైతే శుద్ధంగా ఉంటాయి గదా" అని కళ్లు తుడుచుకుంది. ప్రేమతోనే చేసింది. అన్న వైపు చూశాను. ఆయన లోపలికి వెళ్లి తల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొంగు ముడి బిగిసిపోయింది. పళ్లతో విప్పాడు.

తాళం నూనె పట్టించినట్టు చప్పున ఊడింది. అన్న జాలీ ఎత్తి, గట్టు మీద చుట్టి ఉన్న చేంతాడు తీసుకున్నాడు. తీసుకుని అక్కడే నిలబడిపోయాడు. మిట్టమధ్యాహ్నం అయినా లోపలి చుట్లు ఇంకా పొద్దుటి తడితోనే ఉన్నాయి. నేను పట్టుకుని చూశాను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

బిందెలు వంచేసి బావి నీళ్లే నింపాం. ఆమె అడిగినట్టే పంపాం.

చిన్నకర్మకు పాలు పోసే రోజు పొద్దున గిలక కిర్రుమంటే ఇంట్లో వాళ్లంతా ఒక్కసారి పెరటి వైపు తిరిగారు. అన్న! నిండు బొక్కెన పైకి లాగాడు గానీ పక్కన ఏ గిన్నే పెట్టుకోలేదు. బొక్కెన పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

"యాడ పోస్తా ఉన్నింది మే అమ్మ?" అన్నాడు.

నేను కొబ్బరిచెట్టు చూపించాను. పాదు ఎండి నెర్రెలిచ్చింది. ఆయన పోసిన నీళ్లు చూస్తుండగానే ఇంకిపోయాయి. అన్న ఖాళీ బొక్కెనతో కాసేపు దాని వైపే చూసి, మళ్లీ గిలక దగ్గరికి నడిచాడు.