లాసాలో సరిపోయిన అంకె

కమలాకర్‌ది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఐటీ ఉద్యోగం, మూడో అంతస్తులో అద్దె ఇల్లు, భార్య బాలామణి, బెర్లిన్‌లో చదువుకుంటున్న కూతురు మనోజ్ఞ. ఇంతవరకూ అందరిలాంటి సంసారమే. 2019 వేసవిలో భార్యాభర్తలిద్దరూ టిబెట్ వెళ్లి వచ్చాక మాత్రం ఆయన ఎత్తు ప్రదేశాల పండితుడైపోయాడు.

నిజానికి లాసాలో దిగిన మొదటి రోజు పండితుడుగారు వణికిపోయారు. బాలామణికి తల పగిలిపోతోంది. వేలికి ఆక్సిమీటర్ తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎనభై రెండు శాతమే చూపించింది. ఆసుపత్రికి పోదామని ఆయన గోల పెడితే టిబెటన్ గైడ్ నవ్వి, "ఇక్కడ గాలే పలచన. పడుకోనివ్వండి, నీళ్లు తాగించండి. ఒళ్లు నేర్చుకుంటుంది" అన్నాడు. నేర్చుకుంది. రెండు రోజులకల్లా బాలామణి జోఖాంగ్ గుడి చుట్టూ అక్కడి ముసలమ్మలతో కలిసి ప్రార్థన చక్రాలు తిప్పుతూ ప్రదక్షిణ చేసింది. ఒకావిడ తన చేతులకున్న చెక్క పలకలు విప్పి ఆమెకు తొడిగి, సాష్టాంగం ఎలా పడాలో చూపించింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ పడుతూ లేస్తూ పడీ పడీ నవ్వుకున్నారు. ఉప్పు వేసిన వెన్న టీని కమలాకర్ ఒక్క గుక్కతో వదిలేస్తే, ఆమె రెండో గిన్నె అడిగి మరీ తాగింది.

తిరిగొచ్చాక ఊళ్లో తెలుగువాళ్లు ఎక్కడ చేరినా ఈయన ఫోటోలు వేసి ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. "అంకె జూసి భయపడేటోడు కొండెక్కలేడు" అనేవాడు. పక్కనే కూర్చున్న బాలామణి, మొదట భయపడింది ఎవరో ఎన్నడూ బయటపెట్టలేదు. మొగుడి పరువు ఆమెకు ముఖ్యం.

మరుసటి ఏడాది నవంబరులో ఇద్దరికీ కరోనా వచ్చింది. ఆయనకు జలుబులా వచ్చి పోయింది. ఆమె మంచం దిగలేదు. ఒక సాయంత్రం ఆక్సిమీటర్ ఎనభై ఆరు చూపించింది.

"ఆయాసమైతే లేదు గానీ కాళ్లల్ల బలం లేదండి. అంబులెన్సుకు ఫోన్ చేద్దామా?" అంది బాలామణి.

"లాసాల ఇంతకన్న తక్కువుండె, యాదికి లేదా? రెండు దినాలల్ల గుడి చుట్టు తిరిగినవ్. నీళ్లు తాగి పండుకో, సర్దుకుంటది."

"అప్పుడు తల నొచ్చింది. ఇప్పుడేం నొస్తలేదు. గదే భయమైతుంది."

"అంకె జూసి ఆగం గాకు" అన్నాడు కమలాకర్.

ఆమె ఆయన మాట నమ్మి పడుకుంది. కొండ మీద గాలి తక్కువ, ఊపిరితిత్తులు బాగున్నాయి. ఇక్కడ గాలికి కరువు లేదు, పాడైంది ఊపిరితిత్తులే. ఈ కాస్త తేడా ఆయన బుర్రకు తట్టలేదు. తట్టలేదనడం కూడా తప్పే, తట్టనివ్వలేదు.

తెల్లవారేసరికి ఆమె పెదవులు నల్లబడ్డాయి. పిలిస్తే పలకడానికి ఆలస్యమవుతోంది. అప్పుడు చేశాడు ఫోన్. అంబులెన్సులో వచ్చిన అమ్మాయి, ఎప్పటి నుంచి ఇలా ఉందని జర్మన్‌లో అడిగింది. ఆయన లాసా సంగతి ఎత్తుకున్నాడు.

"ఇది డ్యూసెల్‌డార్ఫ్ అండీ" అంది ఆ అమ్మాయి, బాలామణి ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెడుతూ.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కరోనా నిబంధనలు ఒప్పుకోవని కమలాకర్‌ను వెంట రానివ్వలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపుతుంటే బాలామణి మాస్కు కాస్త పక్కకు జరిపి, "ఫ్రిజ్జుల పప్పుంది, వేడి చేసుకొని తినుండ్రి" అంది. ఆయన ఆమె గొంతు వినడం అదే ఆఖరు. ఆసుపత్రిలో వెంటిలేటర్ పెట్టారు. వారం తిరక్కుండానే పోయింది.

నలుగురైదుగురి మధ్య అంత్యక్రియలు ముగిశాక మనోజ్ఞ తండ్రి పక్కన వచ్చి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు బొంగురుపోయింది.

"డాడీ, మమ్మీకి ఆక్సిజన్ పడిపోయిందని ఎప్పుడు తెలిసింది?"

ఆయన గోడ వైపు చూస్తూ, "పొద్దుగాల" అన్నాడు.

"తెలవంగనే కాల్ చేసినవ్ కదా?"

"ఆఁ. తెలవంగనే చేసిన, బిడ్డా."

మనోజ్ఞ తండ్రి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "మరి నువ్వింకేం చేస్తవ్ డాడీ? నీ తప్పేం లేదు. మనసుల పెట్టుకోకు."

కమలాకర్ తల ఊపాడు.