నే అంటే ఔను

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల సందులో భూలక్ష్మి కర్రీ పాయింట్ ఎక్కడని ఎవరినడిగినా చూపిస్తారు. పదకొండింటికల్లా పప్పు, రెండు వేపుళ్లు, ఒక పులుసు కవర్లలో కట్టి సిద్ధంగా ఉంటాయి. కోచింగుల పిల్లలు గదిలో అన్నం మాత్రం వండుకుని కూర కోసం ఆమె దగ్గరికి వస్తారు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పొయ్యి దగ్గర నుంచి గల్లా దాకా ఏడడుగులు, గల్లా నుంచి మళ్లీ పొయ్యి దాకా ఏడడుగులు. పెళ్లిలో మొగుడితో ఏడడుగులు నడిచింది ఒక్కసారే గానీ, ఈ షట్టరులో రోజుకు వందసార్లు నడిచింది.

అట్లాగని ఆమె నడక ఎరగని మనిషి కాదు. పదిహేనేళ్లు వచ్చేదాకా రాచకొండ గుట్టల్లో మేకలు కాసింది. బండ మీంచి బండ మీదికి దూకడం, జారే చోట కూర్చుని దిగడం, దారి లేనిచోట దారి చేసుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత పెళ్లి, పట్నం, కిరాయి షట్టరు. యాభై ఒకటో ఏట కుడి మోకాలు కిర్రుమనడం మొదలైంది. "నువ్వు కూసోవే, నేను తెస్త" అని భర్త సైదులు ప్రేమగానే అనేవాడు. ఆ మాటే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఆమె చిన్నమ్మ కొడుకు నగేశ్‌కు ఎల్బీనగర్‌లో టూర్ల ఆఫీసు ఉంది. మనవాళ్లు ఏ దేశం పోయినా మూడోరోజుకు నాలుక చచ్చిపోయి ముఖాలు వేలాడేస్తారని అతనికి బాగా తెలుసు. అందుకే ఏప్రిల్‌లో క్రీట్ అనే గ్రీసు దీవికి పద్నాలుగు మందిని తీసుకుపోతూ, వంటకు రమ్మని అక్కను అడిగాడు. ఎనిమిది రోజులు, కొండల్లో నడిచే టూరు.

"నేను సుత నడుస్తనా?" అని అడిగింది భూలక్ష్మి.

నగేశ్ నవ్వాడు. "నీకెందుకక్కా గా తిప్పలు? నువ్వు వండితె సాలు. వ్యాన్ల కూసోని గిన్నెలు జూస్కో."

ఆ నవ్వు చూడగానే ఆమె నిర్ణయం అయిపోయింది. టూరుకు వస్తానని మాత్రం పైకి చెప్పింది, నడుస్తానని చెప్పలేదు. ఆ టూరులో ఆఖరికి ఒక పెద్ద లోయ ఉంటుందని, పైనుంచి సముద్రం దాకా పదమూడు కిలోమీటర్లు దిగాలని నగేశ్ ఫోన్లో ఎవరికో చెబుతుంటే విని మనసులో పెట్టుకుంది.

కిలోమీటర్ల లెక్క ఆమెకు పట్టుబడదు. మెట్రో పిల్లర్ల లెక్క అయితే తెలుసు. కూరగాయల ఆటో ఆగేది ఒక పిల్లర్ దగ్గర, గ్యాసు బండి వచ్చేది ఇంకో పిల్లర్ దగ్గర. కిలోమీటరుకు సుమారు ముప్పై అయిదు పిల్లర్లని తేల్చుకుంది. అంటే ఆ లోయ నాలుగు వందల యాభై అయిదు పిల్లర్లు. మర్నాడు పొద్దున్నే ఫుట్‌పాత్ మీద కొన్న కాన్వాసు బూట్లు తొడిగి ఎల్బీనగర్ వైపు బయలుదేరింది. మొదటిరోజు అరవై పిల్లర్లకే మోకాలు మొరాయించింది. రెండు నెలలు తిరిగేసరికి ఎల్బీనగర్ దాకా పోయి రావడమే కాక, స్టేషను మెట్లు ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి దిగేది. పక్కన ఎస్కలేటర్ ఖాళీగా నడుస్తుంటే ఈమె మెట్ల మీద చెమటలు కక్కడం చూసి, సెక్యూరిటీ అమ్మాయి ఏమన్నా పోగొట్టుకున్నావా అని అడిగింది.

"ఈ వయసుల ఏం పరేషానే నీకు?" అన్నాడు సైదులు.

"నా కాళ్లు నాయి అవునో కాదో జూస్కోవాలె" అంది భూలక్ష్మి. సైదులుకు అర్థం కాలేదు. అయినా ఆ రాత్రి కొబ్బరినూనె వేడిచేసి మోకాలికి రాశాడు.

క్రీట్‌లో అడుగుపెట్టాక మొదటి అయిదు రోజులు ఆమె నడక మాట ఎత్తలేదు. టూరువాళ్లు దిగిన ఇంట్లో పొద్దున ఉప్మా, సాయంత్రం అన్నం, చారు. వాళ్లు కొండలు తిరిగొస్తుంటే ఆమె వ్యానులో గిన్నెల మధ్య కూర్చుని కిటికీలోంచి చూసేది. అక్కడా గుట్టలే, అక్కడా మేకలే. మెడలో గంటలతో బండల మీద నిలబడి ఆమెనే చూసేవి. రాళ్ల మధ్య పెరిగిన ఏదో పొద వాములాగా వాసన కొడితే, తెంపుకొచ్చి బజ్జీల్లో వేసింది. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. తిని, రేపటి నడక గురించి మాట్లాడుకున్నారు. ఆమె చేతులు కడుక్కుంటూ వింది.

ఆరో రోజు లోయ. ముందురోజు సాయంత్రమే పులిహోర కలిపి పొట్లాలు కట్టేసింది. తెల్లవారి లోయ ద్వారం దగ్గర వ్యాను ఆగగానే, చుడీదార్ కింద కాన్వాసు బూట్లతో దిగి వరుసలో నిలబడింది.

"అక్కా, నువ్వేంది గీడ?" అన్నాడు నగేశ్.

"నేను సుత దిగుత."

"ఏమన్న అయితె నేనెవలికి జవాబు జెప్పాలె? ఆగు, ఆయన్నే అడుగుదాం. ఒద్దంటె వ్యానెక్కుతవా?"

"ఎక్కుత."

ద్వారం దగ్గర టికెట్లు చించే ముసలాయనకు ఇంగ్లీషు రాదు. నగేశ్ అక్కను చూపించి, లోయను చూపించి, చేతులు తిప్పి అడిగాడు. ముసలాయన ఆమెను పైనుంచి కిందికి చూసి, "నే, నే" అన్నాడు.

"ఇన్నవా? నై అంటున్నడు" అన్నాడు నగేశ్. మలక్‌పేటలో అయినా మూసారాంబాగ్‌లో అయినా ఆ మాటకు ఒకటే అర్థం, కాదని. పద్నాలుగు మందీ జాలిగా తలూపారు. దారిలో నీళ్లు దొరుకుతాయా అని అడిగినప్పుడూ ఆయన నే అనే అన్నాడని, వాళ్లు అప్పటికే తలా అయిదు సీసాలు వీపున వేసుకుని వంగిపోయి ఉన్నారు.

"కాదు. నే అంటె ఔను" అంది భూలక్ష్మి.

"నీకెట్ల తెలుసు?"

"అయిదు రోజులసంది టమాటలు కొంటున్న. ఉన్నయా అంటె నే అంటరు, తూకమేసి ఇస్తరు. లెవ్వంటె గదువ పైకెత్తి ట్చ్ అంటరు, మనోల్లు అన్నట్టే. నీతోని అందరు ఇంగ్లీషుల మాట్లాడుతరు, నీకేం ఎరుక?"

అని, ఆమె నేరుగా ముసలాయన ముందుకు వెళ్లి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, లోయ వైపు వేలు చూపించి, "నే?" అంది. ఆయన నవ్వి, "నే" అంటూ టికెట్ చించి చేతిలో పెట్టాడు. ఆ వెనకాలే నగేశ్ అడుగు వేయబోతే అతని పాదాల వంక చూసి, గడ్డం పైకెత్తి "ట్చ్" అన్నాడు. ముందురోజు బూట్లు కరిచాయని నగేశ్ ఆ పొద్దు చెప్పులేసుకొచ్చాడు. ఎంత బతిమాలినా ఆయన వినలేదు.

ఇక చేసేదేముంది? పద్నాలుగు మంది సీసాలు సగం తీసి వ్యానులో పడేశారు. నగేశ్ ఆ సీసాల మధ్య, గిన్నెల మధ్య కూర్చున్నాడు.

"కిందికి వొయ్యినంక బియ్యం కడిగి ఎసరు వెట్టు" అని చెప్పి భూలక్ష్మి లోయలోకి దిగింది.

మొదటి గంట దిగుడే దిగుడు. తర్వాత ఏటి అడుగున గుండ్రాళ్లు. రెండు పక్కలా కొండలు గోడల్లా లేచి, ఒకచోట ఆకాశం కాలువంత మిగిలింది. భూలక్ష్మి మనసులోనే పిల్లర్లు లెక్కపెట్టుకుంటూ నడిచింది. రెండు వందల పిల్లర్ల దగ్గర కుడి మోకాలు ఉబ్బి, అడుగు వేస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడ ఒక ఊట ఉంది, నడవలేని వాళ్లను మోసుకుపోవడానికి ఒక కంచర గాడిద ఉంది.

పద్నాలుగు మందిలో ఒకరైన సంధ్యారాణి ఆమె పక్కన కూలబడింది. కొత్తపేటలో ఉండే రిటైరైన టీచరు, గుంటూరు మనిషి. "భూలక్ష్మిగారూ, పంతం తీరింది కదా. సగం నడిచారు. ఇంక గాడిదెక్కేయండి, ఎవరూ ఏమీ అనుకోరు."

"నేననుకుంట కద టీచరమ్మా."

ఆమెకు భయం వేసింది. నిజంగానే వేసింది. ఇక్కడ ఆగితే మళ్లీ ఆ ఏడడుగుల షట్టరులోకే పోతానని, అక్కడే ముసలిదాన్నవుతానని అనిపించింది. చున్నీ తడిపి మోకాలికి బిగించి కట్టింది. లేచి, నేరుగా కాకుండా ఒక పక్కకు తిరిగి, ఎడమ కాలు ముందు పెట్టి దిగసాగింది. మేకలు నిటారు బండను అట్లానే అడ్డంగా దిగుతాయి. అది చూసి సంధ్యారాణి కూడా అట్లాగే దిగింది. కాసేపటికి వెనకాల అందరూ పక్కకు తిరిగే దిగుతున్నారు. ఎదురొచ్చిన తెల్లవాళ్లు ఆగి చూశారు.

నాలుగు వందల యాభై అయిదు అయిపోయాయి, లోయ మాత్రం అవలేదు. లెక్క ఎక్కడో తప్పింది. ఆమె లెక్క వదిలేసి ఉత్తగా నడిచింది. ఆఖరి మలుపు తిరిగేసరికి నీలంగా సముద్రం కనిపించింది.

ఒడ్డున చెట్టు కింద నగేశ్ అన్నం, పప్పు వండి, మాడిన గిన్నె దాచడానికి చూస్తున్నాడు. భూలక్ష్మి ఒక రాయి మీద కూర్చుని బూట్లు విప్పింది. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. వాటిని చూసుకుంటే ఆమెకు గర్వంగా అనిపించింది. ఎవరో "చారు కూడా పెడతారా?" అన్నారు, అలవాటుగా. అలవాటుగానే ఆమె లేవబోయింది.

"కూర్చోండి మీరు" అంది సంధ్యారాణి. కుంటుకుంటూ వెళ్లి పళ్లెం కడిగి నగేశ్ చేతికిచ్చింది. "ముందు ఆవిడకి పెట్టండి."

పళ్లెం భూలక్ష్మి ఒళ్లోకి వచ్చింది. ముద్దయిన అన్నం, పప్పులో ఏవో రెండు ఉల్లిగడ్డ ముక్కలు. ఇరవై రెండేళ్లలో ఎవరో వండి, అందరికన్నా ముందు ఆమెకు పెట్టడం ఇదే మొదలు. ఆమె తలెత్తకుండా తిన్నది, గబగబా తిన్నది.

నగేశ్ ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డాడు. "ఉప్పెక్కువైందా అక్కా?"

"ఎక్కువైంది" అంది భూలక్ష్మి పళ్లెం చాపుతూ. "ఇంకింత వెయ్యి."