హుసేన్‌బీ అడిగిన సోడా

గిద్దలూరు స్టేషన్ రోడ్డులో మా కిరాణా కొట్టుకు ఎదురుగా జహరాబీ వాళ్ల సోడా దుకాణం. సోడాలు కొట్టేది మొదట్లో ఆమె భర్త మొహిద్దీన్. సిలిండర్ల పని వచ్చని సముద్రం పక్కనున్న ఒక ప్రయోగశాల వాళ్లు అతన్ని ఉద్యోగానికి తీసుకున్నారు. అప్పట్నుంచి దుకాణం జహరాబీదే.

మొహిద్దీన్ సెలవుకు వచ్చినప్పుడల్లా మా అరుగెక్కి కోతలు కోసేవాడు.

"సముద్రం అడుగున మంచుగడ్డలుంటాయి శెట్టీ. వాటిలో పొయ్యి మండే గ్యాసు ఇరుక్కోనుంటాది. మన సోడా గ్యాసును లోపలికి తోస్తే అది పోయి ఆ చోట్లో కూర్చుంటాది, మండేది బయటికొస్తాది. మేం డబ్బాలో అట్లాంటి గడ్డే చేసి చూస్తుండాం."

"గడ్డ కరిగిపోదా ఏంది?" అన్నాను.

"రైల్లో ఒకడు దిగితే ఇంకొకడు కూర్చోడా? సీటు అట్లనే ఉంటాది."

ఒకరోజు ఆ ప్రయోగశాల గదిలో పైపు లీకయింది. సోడా గ్యాసు గాలికన్నా బరువు, ఊపిరాడనీకుండా నేలబారునే పేరుకుంటుంది. అది తెలిసీ కిందున్న వాల్వు కట్టేయడానికి వంగాడట. మళ్లీ లేవలేదు.

మొగుడు పోయినామె ఇంటిపట్టునే ఉండాల్సిన ఇద్దత్ గడువు అయిపోయాక జహరాబీ దుకాణం తెరిచింది. మా ఊరి మర్యాద మండిపోను, ఒక్కడూ సోడా అడగలేదు. మొగుణ్ణి చంపిన గ్యాసును ఆమె చేత ఎట్లా పట్టిస్తామని. బిస్కెట్లు కొన్నారు, బీడీలు కొన్నారు, ఎండకు నోరెండిపోతే పక్కవీధికి పోయి మజ్జిగ తాగారు. జాలితో పొయ్యి వెలగదు కదా. ఇంకో నెల ఇట్లాగే నడిస్తే దుకాణానికి తాళమే. జహరాబీకి అదీ పట్టినట్టు లేదు. ఏడ్చేది కాదు, మాట్లాడేది కాదు. సిలిండర్ మీద దుమ్ము కూడా తుడిచేది కాదు. చూసి చూసి నాకు ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం మొహిద్దీన్ తల్లి హుసేన్‌బీ వచ్చి దుకాణం బల్ల మీద కూర్చుంది.

"కడుపుబ్బరంగా ఉండాది. ఒక సోడా కొట్టియ్యి."

నా చేతిలో తక్కెడ ఆగిపోయింది.

జహరాబీ లేచింది. సీసా కడిగి మిషన్లో బిగించింది. సిలిండర్ వాల్వు తిప్పింది. బుస్సుమంది.

"చెయ్యి వణుకుతాదనుకున్నా అత్తా," అంది సీసా అందిస్తూ. "వణకలేదు. ఇంతవరకు ఏడుపు కూడా రాలేదు. నేనేం మనిషినో."

ముసలామె సగం తాగింది. మిగిలిన సగం కోడలి చేతిలో పెట్టింది.

"నాకూ రాలేదమ్మా. కన్నదాన్ని, నాకే రాలేదు. తాగు."

జహరాబీ తాగింది.