వేగం మారలేదని నేను రాసిన కాగితం

వెక్టర్ల డెరివేటివ్ నాకు బీఎస్సీ రెండో ఏడాదిలో అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అంతకు ఆరు నెలల ముందు సంగతి చెప్పాలి. మా నాన్న రైల్వేలో డ్రైవరుగా రిటైరై, మేముండే హిందీ ఊరి శివారు భన్‌పురిలో ఒక ఫ్యాక్టరీ సొంత పట్టాల మీద చిన్న ఇంజను నడిపేవాడు. ఒక పొద్దున పట్టాల వంపులో, వ్యాగను మెట్టు మీద నిలబడ్డ పనివాడు జారి చక్రాల కింద పడి చనిపోయాడు. మా పక్కపేట గుఢియారీ మనిషి. మా ఇంటికొచ్చి అమ్మ చేతి పులిహోర అడిగి తినేవాడు.

జరిగింది ఇంగ్లీషులో రాసిమ్మని ఫ్యాక్టరీవాళ్లు నాన్ననడిగారు. మా వీధి తెలుగు ఇళ్లల్లో ఏ కాగితమైనా చదువుకుంటున్న పిల్లలే రాసేవారు, పెద్దలు కింద సంతకం చేసేవారు. నాన్న చెప్పింది ఒక్కటే. "స్పీడు మార్చనేదమ్మా. బ్రేకు ముట్టుకోనేదు."

అప్పుడు నా కళ్లు నెత్తిమీదున్నాయి. మారనిదానికి డెరివేటివ్ సున్నా అని కొత్తగా నేర్చుకున్నాను మరి. వేగం మారలేదు కనుక మనిషిని విసిరే బలమేదీ అక్కడ లేదని ఠీవిగా రాసిచ్చాను. మేనేజరు మెచ్చుకున్నాడట. తప్పు పోయినవాడిదేనని తేల్చారు. పనిలో పోయినవాడి భార్యకు ఉద్యోగమిచ్చే ఆనవాయితీ అక్కడుండేది. అతని భార్యకు మాత్రం ఇవ్వలేదు.

ఆ తర్వాత ఒక రోజు క్లాసులో మాస్టారు బోర్డు మీద వంపు గీత గీసి, దాని మీద రెండుచోట్ల వేగాన్ని బాణాలుగా గీశారు. రెండూ ఒకే పొడవు. వాటి మొదళ్లు ఒకచోట కలిపి గీస్తే కొనల మధ్య ఖాళీ మిగిలింది. పొడవు మారకపోయినా దిక్కు మారింది, ఆ మార్పే డెరివేటివ్, అది సున్నా కాదు, వంపు లోపలికి చూస్తుంది అన్నారు. మెట్టు మీది మనిషిని కూడా లోపలికి లాగి ఉంచేది అతని చేతిపట్టు ఒక్కటే. వేగం ఎక్కువైతే ఆ పట్టు చాలదు.

ఇంటికెళ్లి నాన్నకు బాణాలు గీసి చూపించాను. మేనేజరుకు చెబుదాం, ఆవిడకు ఉద్యోగం వస్తుంది అన్నాను. ఆయన కాగితం వంక చూడనేలేదు.

"నాకు తెల్దేటమ్మా? ముప్పయ్యేళ్లు బండి నడిపినోణ్ణి. మోడ్ కాడ, వంపు తిరిగేసోట, స్పీడు తగ్గించాల. ఆ పొద్దు తగ్గించనేదు. నువ్వంత బాగా రాసేసరికి నిజంగానే నా గల్తీ నేదేమో అనుకున్నాను."

కాగితం నా వైపు తోసి మళ్లీ అన్నాడు. "సెప్తే నా నౌకరీ పోతాది. నీ సదువూ ఆగిపోతాది. సెప్పమంటే సెప్పేస్తాను. నువ్వే సూడు."

నేను చెప్పమనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను గాని చెప్పమనలేదు.

డిగ్రీ అయ్యేదాకా నేను సైకిలు మీద కాలేజీకి వెళ్లే దారిలోనే చనిపోయినవాడి భార్య రోడ్డు పనిలో కంకర తట్టలు మోసేది. ఒకసారి నన్ను ఆపి, "పఢాయీ ఠీక్ చల్ రహీ హై, బిటియా?" అని అడిగింది. చదువు బాగానే సాగుతోందని చెప్పాను.