కెరటం దాటేదాకా మాట్లాడొద్దు

మా చిన్నప్పుడు... ఓ ఆదివారం మా పేటలో ఒక్క పడవ కూడా సముద్రంలోకి వెళ్లలేదు. వలలు ఆరేసినవి ఆరేసినట్టే ఉన్నాయి. అందరం పోర్టు వైపున్న మట్టి గ్రౌండుకి చేరాం. ఫుట్‌బాల్ లీగులో ఆఖరి మ్యాచు... మా జాలరిపేటకీ, పోర్టు ఉద్యోగుల క్వార్టర్సు టీముకీ. డ్రా అయినా చాలు, కప్పు మాదే.

మా గోలీ, అంటే గోల్‌కీపరు, మా చిన్నాన్న సింహాచలం. అంతకుముందు ఏడాది ఇదే టీము చేతిలో ఓడిపోయాం. ఆఖర్లో బంతి మీదికొస్తుంటే మా వాళ్లే సగంమంది కుడి అనీ, సగంమంది ఎడమ అనీ అరిచారు. చిన్నాన్న ఎటూ కదలకుండా నిలబడిపోయాడు. ఆ అరిచినవాళ్లే ఏడాదంతా జెట్టీ మీద ఆయన్ని ఎకసెక్కాలాడారు. ఈసారీ పోతే గ్లౌజులు సముద్రంలో పారేస్తానని వాళ్లమ్మతో, అంటే మా మామ్మతో, చెప్పేశాడు. ఆ పొద్దున చద్దన్నం కూడా ముట్టలేదు.

ఆట ఆటలా లేదు. రోజూ కళ్లు మూసుకుని పాస్ ఇచ్చేవాళ్లు కూడా బంతి కాలికి తగలగానే కంగారుగా ఎటో తన్నేస్తున్నారు. క్వార్టర్సు వాళ్లదీ అదే తంతు. అరుపులు తప్ప గోల్ లేదు. ఇంక అయిపోతుందనగా, గోల్ ముందుకొచ్చిన బంతిని మా కుర్రాడొకడు బెదిరిపోయి చేత్తో కొట్టేశాడు. పెనాల్టీ...

తన్నడానికి డేవిడ్ వచ్చాడు. వాళ్లలో గురి తప్పనివాడు అతనే. గోల్ పడితే కప్పు వాళ్లది.

మళ్లీ మొదలెట్టారు మా వాళ్లు... కుడీ, ఎడమా అని. చిన్నాన్న ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మా వైపు చూశాడు.

అప్పటిదాకా చేపల తట్ట బోర్లించి దాని మీద కూర్చున్న మామ్మ లేచింది.

"ఏటా గోల? పడవ కెరటం దాటేప్పుడు ఇలాగే అరుత్తారేటి? కూకోండి."

మా పేటలో ఓ అలవాటుండేది... పడవ కెరటం దాటేదాకా ఒడ్డున ఎవరూ నోరు విప్పరు. తెడ్డు పట్టినవాడికి నీటి చప్పుడొక్కటే వినపడాలి. ఆ మాటతో పేటంతా మట్టిలో చతికిలబడింది. పిల్లలం కూడా ఊపిరి బిగబట్టాం.

డేవిడ్ మా వైపు చూశాడు. బంతిని తీసి మళ్లీ పెట్టాడు. వెనక్కి నడిచాడు, ఆగాడు... తన్నాడు. తిన్నగా చిన్నాన్న గుండెల మీదికే. చిన్నాన్న దాన్ని రెండు చేతులా అదుముకుని అక్కడే కూలబడి ఏడ్చేశాడు. మామ్మ తట్ట తీసుకుని ఇంటికి బయల్దేరింది.

తర్వాత చిన్నాన్న, డేవిడ్ ఇద్దరూ బావా అంటే బావా అనుకునేంత దగ్గరయ్యారు. డేవిడ్ మావయ్య మొన్న ఇంటికొచ్చినప్పుడూ చిన్నాన్నతో ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. "మీవోళ్ల అరుపులకి నాను బెదర్లేదు బావా. సప్పుడాగిపోయింది సూడు... అప్పుడొణికాయి కాళ్లు."

పోయిన నెల మా పాప స్కూలు టీముకి ఫైనల్లో గోలీగా ఆడింది. పెనాల్టీ వేళకి మైకులో కామెంటరీ, స్పీకర్లలో పాటలు, పైగా తల్లిదండ్రుల సలహాలు. పాప నా వైపు చూసింది... అచ్చం చిన్నాన్న చూసినట్టే. నేను లేచి, "కూర్చోండి" అన్నాను. పక్కనున్నావిడకి తప్ప ఎవరికీ వినపడలేదు. బంతి లోపలికి వెళ్లిపోయింది. ఓడినందుకు కాదు గానీ, ఆ నిమిషంలో మామ్మ లేనందుకు ఏడుపొచ్చింది.

ఒక్క మాటతో అంతమందినీ కూర్చోబెట్టిన మనిషి మీ వీధిలోనూ ఉండే ఉంటారు... ఎవరో చెప్పండి, వినాలనుంది.